ఘనా దేశంలో మూడేళ్లు

ఉద్యోగరీత్యా గాంధీపురం నుంచి వెళ్లి ఘనాలో మూడేళ్లు ఉన్నాను. ఆఫ్రికా అంటే అడవులు, సింహాలు అనుకునే మన పిల్లలకు ఆ దేశం గురించి నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

పశ్చిమాఫ్రికాలో సముద్రం ఒడ్డున ఉన్న దేశమిది. పడమర ఐవరీ కోస్ట్, తూర్పున టోగో, ఉత్తరాన బుర్కినా ఫాసో. వైశాల్యం సుమారు 2,38,500 చదరపు కిలోమీటర్లు. 2014లో విడిపోకముందరి ఆంధ్రప్రదేశ్ కంటే కొంచెం చిన్నది. 2021 లెక్కల ప్రకారం జనాభా 3 కోట్ల 8 లక్షలు. దక్షిణాన అడవులు, కోకో తోటలు, ఉత్తరాన గడ్డిమైదానాలు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా సహారా ఎడారి నుంచి హర్మటాన్ అనే పొడిగాలి వీస్తుంది. పాల్ఘాట్ కనుమ చల్లగాలికి అలవాటుపడ్డ మనకు పెదవులు పగిలిపోతాయి. 1965లో పూర్తయిన అకోసొంబో ఆనకట్ట వెనుక వోల్టా జలాశయం సుమారు 8,500 చదరపు కిలోమీటర్లు పరచుకుంది. దానికోసం దాదాపు 80 వేల మంది సొంత ఊళ్లు వదులుకున్నారు.

ఒకప్పుడు ఈ దేశం పేరు గోల్డ్ కోస్ట్. బంగారం కోసం వచ్చిన పోర్చుగీసువారు 1482లో ఎల్మినా కోట కట్టారు. తరువాతి కాలంలో ఇలాంటి కోటల నేలమాళిగల్లోనే మనుషులను బంధించి, బానిసలుగా ఓడలెక్కించారు. ఆ చీకటి గదుల్లో నిలబడితే నోట మాట రాదు. 1957 మార్చి 6న క్వామే ఎన్‌క్రుమా నాయకత్వంలో దేశం స్వతంత్రమైంది. అక్కడి డబ్బు సెడి. ఆ మాటకు అర్థం గవ్వ! ఒకప్పుడు మన హిందూ మహాసముద్రపు గవ్వలే అక్కడ నాణేలుగా చెల్లాయి.

అకాన్ జాతివారు పుట్టిన వారాన్నిబట్టి పిల్లలకు పేరు పెడతారు. శుక్రవారం పుట్టిన మగబిడ్డ కోఫీ, శనివారం పుట్టిన ఆడపిల్ల అమా. ఐక్యరాజ్యసమితికి ప్రధాన కార్యదర్శిగా పనిచేసిన కోఫీ అన్నన్ శుక్రవారం పుట్టినవారే. తాతనూ, అవ్వనూ, ఊరిపెద్దనూ 'నానా' అంటారు. వంశం తల్లివైపు నుంచి లెక్క. మేనమామ మాటకు ఇంట్లో ఎంతో విలువ. కర్రపెండలం, అరటికాయ ఉడికించి రోట్లో దంచిన ఫుఫును మన రాగి సంగటిలాగే నమలకుండా మింగుతారు. ఎడమచేత్తో ఏదైనా ఇస్తే అక్కడా తప్పే. కుమాసి దగ్గర బొన్‌వైర్ గ్రామంలో జానెడైనా వెడల్పు లేని పట్టీలు నేసి, కలిపి కుట్టి కెంటే వస్త్రం చేస్తారు. 2024లో దానికి యునెస్కో గుర్తింపు దక్కింది. ఆ మగ్గాల చప్పుడు వింటే మన దేవాంగుల వీధులు గుర్తొచ్చాయి.

నన్ను ఆలోచింపజేసింది మాత్రం భాష. రాజధాని అక్రా మొదటినుంచీ గా భాషవారి ఊరు. అయినా బజారులో వినిపించేది ఎక్కువగా ట్వి, ఆఫీసులో ఇంగ్లీషు. మూడూ మాట్లాడే మనిషి అక్కడ వింత కాదు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో ఇంగ్లీషుతో బతికే మనకు అది పరాయి సంగతి కాదు. ఒక తేడా ఉంది. వారు తమ భాషలను రోమన్ అక్షరాలకు మరికొన్ని చేర్చి రాసుకుంటారు. "మీ భాషకు సొంత అక్షరాలున్నాయా?" అని తోటి ఉద్యోగిని అడిగితే, ఆమె పేరు 'అకువా' అని తెలుగులో రాసిచ్చాను. ఆమె దాన్ని మడిచి భద్రంగా దాచుకుంది.

కోయంబత్తూరు, మదురైలలో తరాలుగా ఇంట్లో తెలుగు నిలుపుకున్నాం. ఆ తెలుగును రాయగల పిల్లలు మన ఇళ్లలో ఎందరు? వచ్చే సెలవుల్లో ప్రతి బిడ్డా తన పేరు, తాత పేరు తెలుగులో రాయడం నేర్చుకుంటే, అది మంచి ఆరంభం.