సత్యకాముని అరణ్యం, మా అమ్మాయి పాఠశాల



మా నివాసం కొండాపూర్‌లో. మా అమ్మాయికి పద్నాలుగేళ్లు. గత ఫాల్గుణమాసం నాటికి ఆమె తొమ్మిదవ తరగతి పూర్తి కావస్తోంది. ఉదయం ఆరున్నరకు బస్సెక్కి, సాయంకాలం ఐదు దాటాక ఇల్లు చేరి, మళ్లీ ప్రవేశపరీక్షల శిక్షణకు కూర్చుని, రాత్రి తొమ్మిదింటికి పుస్తకం మూసేది. ఈ ప్రాంతంలో ఇది సర్వసామాన్యం గనుక నేనూ పట్టించుకోలేదు. ఒక రాత్రి యథాలాపంగా అడిగాను: "ఈమధ్య నన్ను ఏ ప్రశ్నా అడగడం లేదేమమ్మా?"

"క్లాసులో అడిగితే సిలబస్ వెనకబడుతుందంటారు నాన్నా. అందుకే మానేశాను. ఇప్పుడు అడగడానికి ఏమీ తోచడం లేదు."

ఆ రెండవ వాక్యం నన్ను నిద్రపోనివ్వలేదు. వేదాంతశాస్త్రం ఆరంభమయ్యేదే జిజ్ఞాసతో. మార్కులు తగ్గితే మరుసటి ఏడు సవరించుకోవచ్చు. జిజ్ఞాస ఆరిపోతే దానిని తిరిగి వెలిగించడం దుష్కరం. వారం తిరగకుండానే ఆమె తానే కోరింది: ఇంటినుండే ఆన్‌లైన్ పాఠశాలలో చదువుతానని.

వృత్తిధర్మం చేత నేను ముందుగా చేసింది ఒక పట్టిక. అందులో రుసుము, వేళలు, ఉపాధ్యాయుల అర్హతలు పొందుపరచాను. అయితే మొదటి వరుసలో ఉండవలసిన ప్రశ్న నాకు ఆలస్యంగా తట్టింది: చివరకు ధ్రువపత్రం ఇచ్చేది ఎవరు? ఆన్‌లైన్ పాఠశాల బోధించవచ్చు. పరీక్ష నిర్వహించి ఉత్తీర్ణత ప్రకటించేది మాత్రం గుర్తింపు పొందిన బోర్డు. సీబీఎస్ఈ పరీక్షకు 75 శాతం హాజరు ఆవశ్యకం. ఇంట చదివే పిల్లలకు సుగమమైన మార్గం జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ, అంటే ఎన్‌ఐఓఎస్. కేంద్రప్రభుత్వం 1989లో స్థాపించిన ఈ సంస్థ 2021లో వర్చువల్ పాఠశాలను కూడా ఆరంభించింది. పద్నాలుగేళ్లు నిండినవారు అందులో పదవ తరగతి స్థాయికి చేరవచ్చు. ఐదు విషయాలు ఎన్నుకోవాలి, ఐదేళ్లలోగా పూర్తిచేయాలి, ఏటా రెండుసార్లు పబ్లిక్ పరీక్షలు జరుగుతాయి. వేదాధ్యయనం, భారతీయ దర్శనం, సంస్కృత వ్యాకరణం వంటి విషయాలు కూడా అందులో ఉండడం నాకు ఆనందం కలిగించింది.

దూరవిద్య మన నగరానికి కొత్త కాదు. దేశంలోని తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో ఇక్కడే వెలసింది. నేడు అది అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తలుపులు తెరచినది 1998లో. అనగా, కంప్యూటర్లు మన వీధికి రాకమునుపే, గురువు ఒకచోట, శిష్యుడు మరొకచోట ఉండి సాగే చదువు ఈ నగరంలో ఉన్నది.

పట్టిక పూర్తయింది, సందేహం మాత్రం తీరలేదు. ఒక సంస్థవారు ఫోనులో తమ పాఠాల సంఖ్యను ఎంతో ఉత్సాహంతో వర్ణించారు. "పిల్లకు సందేహం వస్తే?" అన్నాను. "యాప్‌లో టైప్ చేస్తే ఇరవై నాలుగు గంటల్లో జవాబు వస్తుంది సార్." నేను విడిపించదలచిన మౌనమే మరో రూపంలో ఎదురైనట్లు తోచింది.

అప్పుడు ఛాందోగ్యంలోని సత్యకామ జాబాలుడు స్మరణకు వచ్చాడు. గౌతమ మహర్షి అతనికి బక్కచిక్కిన నాలుగువందల గోవులను అప్పగించి అడవికి పంపాడు. అవి వేయి అయ్యేవరకు తిరిగి రానని పలికి అతడు వెళ్లాడు. ఏళ్ల తరబడి గురుసన్నిధి లేదు. వృషభం, అగ్ని, హంస, నీటిపక్షి అతనికి బ్రహ్మతత్త్వాన్ని ఒక్కొక్క పాదంగా బోధించాయి. అతడు తిరిగి వచ్చేసరికి ముఖంలో బ్రహ్మతేజస్సు కనిపించింది. అయినా ఆ శిష్యుడు తనకు తెలిసిందని ఊరకుండలేదు. మీ ముఖతః వినాలని ఆచార్యుని ప్రార్థించాడు. ఆచార్యుడూ, ఏదీ లోపించకుండా, అదే విద్యను మళ్లీ ఉపదేశించాడు.

విద్య ఏ ద్వారంనుండైనా రావచ్చును. తెర కూడా ఒక హంస కావచ్చు. రికార్డు చేసిన పాఠం శ్రవణానికి చక్కగా ఉపకరిస్తుంది, పదిసార్లు వినవచ్చు. కాని మననానికి ఎదుట ఒక మనిషి కావాలి. ఆక్షేపణను వినేవాడు, తప్పిన తర్కాన్ని పట్టుకునేవాడు కావాలి. ఉపనిషత్తు అన్న పదంలోనే దగ్గర కూర్చోవడం ఉన్నది. నలభైమంది నడుమ కూర్చున్న మా అమ్మాయికి ఆ సామీప్యం దొరకలేదు. ఇంట్లో ఒంటరిగా కూర్చుంటే మాత్రం దొరుకుతుందా?

ఇక్కడ నా దోషమూ చెప్పుకోవాలి. పగలంతా ల్యాప్‌టాప్ ఎదుట, రాత్రి విదేశీ సహోద్యోగులతో సమావేశాలు. అమ్మాయి ఇంట ఉంటే నాకు బస్సు చింత, ట్రాఫిక్ చింత తప్పుతాయన్న స్వార్థం ఈ నిర్ణయంలో దాగి ఉన్నది. ఆమె మౌనాన్ని ఒక్క పాఠశాలకే ఆపాదించడం అన్యాయం; నా మేజా దగ్గర కూడా ఆమె ప్రశ్నలు ఎన్నోసార్లు వేచి వేచి వెనుదిరిగాయి.

చివరకు ఎన్‌ఐఓఎస్‌లో చేర్చాము. బోధనకు పన్నెండుమందికి మించకుండా ప్రత్యక్షంగా తరగతి జరిపే ఒక చిన్న ఆన్‌లైన్ పాఠశాలను ఎన్నుకున్నాము. మా సముదాయంలోనే ఉన్న విశ్రాంత గణితోపాధ్యాయుని ఆశ్రయిస్తే, వారానికి రెండు సాయంకాలాలు ఆమెను కూర్చోబెట్టుకోవడానికి అంగీకరించారు. ఆమె ఆయనను తాతగారూ అని పిలుస్తుంది. రాత్రి ఎనిమిది నుండి తొమ్మిది వరకు నా ఫోను వేరే గదిలో ఉంటుంది.

నష్టం లేదని అనను. పాత స్నేహితురాళ్లు దూరమయ్యారు. కొన్ని మధ్యాహ్నాలు ఆమె కిటికీ దగ్గర దిగులుగా నిలబడుతుంది. ఆ లోటుకు నా దగ్గర సమాధానం లేదు. సాయంత్రం ఆటస్థలానికి తోడు వెళుతున్నాను, అంతే.

మొన్న రాత్రి ఆమె అడిగింది: "నాన్నా, సత్యకాముడికి అన్నీ ముందే తెలిసిపోయాయి కదా, గురువుగారు మళ్లీ అదే ఎందుకు చెప్పారు?"

నాకు వెంటనే జవాబు తోచలేదు. ఇద్దరం పుస్తకం తెరిచి కూర్చున్నాము.

స్వస్తి.