వేయి రెట్లు

వేరుశెనగ కాయలు విత్తనానికి ఒలుస్తూ మా అవ్వ పాడే పాటలను రికార్డు చేయాలని చిరకాలపు కోరిక. ఎనభై దాటిన గొంతు. డైనమిక్ మైకు ముందు పలికితే ఒక మిల్లీవోల్టు వెలువడితే గొప్ప. దానిని 60 డెసిబెళ్లు, అనగా వేయి రెట్లు పెంచాలి. పాటతోపాటు ప్రతి రొదా వేయింతలవుతుంది కదా!

ఒకప్పుడు జర్మనీలో రేడియో కేంద్రాల కోసం తయారైన వి276 మాడ్యూళ్లు రెండు సంపాదించి, 19 అంగుళాల ర్యాకు పెట్టెలో బిగించాను. వాటి ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు దశాబ్దాలకు లోలోపలే ఎండిపోతాయి. (ఎండిపోవడమంటే ఏమిటో అనంతపురం వాళ్లకు వివరించనక్కరలేదు.) అన్నీ మార్చి, ఎర్తు తీగలన్నిటినీ ఒక్కచోట కలిపాను.

అసలు చిక్కు కరెంటుతో. త్రీఫేజు రాగానే చుట్టుపక్కల బోరు మోటార్లన్నీ ఆటోస్టార్టర్లతో ఒక్కుమ్మడిగా లేస్తాయి, బల్బు మసకబారుతుంది. ఆ లైనుమీద ఎంత మంచి పవర్ సప్లై కట్టినా 50 హెర్ట్జ్‌ల ఝుంకారం ఏదో దారిన చొరబడుతుందని నా భయం. అదృష్టవశాత్తూ ఈ మాడ్యూళ్లు అడిగేది 24 వోల్టుల డీసీ మాత్రమే. రెండు ట్రాక్టరు బ్యాటరీలను వరుసగా కలిపితే సరిపోయింది. రికార్డరు కూడా బ్యాటరీదే.

"నా గొంతు కోసరం ఇంత పెద్ద పెట్టె యాలప్పా?" అంది అవ్వ, చేట ముందుకు లాక్కుంటూ.

హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. పాటకు ముందు ఆమె ఊపిరి వినబడింది, ఆపై వేళ్లమధ్య కాయ పగిలిన చప్పుడు.