ఉరుసులో ఎఱ్ఱబుడగ

పెనుకొండ బాబయ్య ఉరుసులో, బుడగలు కాల్చే అంగడియొద్ద, హిందూపురమునుండి వచ్చిన మా మేనల్లుడు ఒక్క దెబ్బకు ఎఱ్ఱబుడగను పగులగొట్టి, "తుపాకి మంచిది మామా" అని తీర్పు చెప్పగా నాకు నవ్వు వచ్చినది. ధర్మవరపు నేతగాడు ఒక్క పోగును చూచి చీరకు వెల కట్టునా?

తూటాలను స్వహస్తములతో నింపుకొను విదేశీయ గుఱికాండ్రు, మందును గ్రెయిన్లలో, అనగా గ్రాములో సుమారు పదునైదవ వంతులలో తూచి, ఒక్కొక్క పాళమునకు ఐదేసి, పదేసి గుండ్లు ఒకే గుఱిపై ప్రయోగించి, రంధ్రముల నడిమి ఎడమును కొలిచిన పిమ్మటగాని తుపాకి గుణమును నిర్ణయింపరు. గుంపు దగ్గఱగానుండియు కేంద్రమునకు తప్పినచో దోషము సైటుది, చెదరినచో తూటాదో, గొట్టముదో, చేతిదో.

ఇంత నిక్కచ్చి దేనికందురా? 2012 లండను ఒలింపిక్సు గాలితుపాకి పోటీలో మన హైదరాబాదు గగన్ నారంగ్ 701.1తో కాంస్యము గెలిచినప్పుడు రజతమునకు ఎడము 0.4 మాత్రమే, పది మీటర్ల దూరమున పది పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటరు!

మరల డబ్బిచ్చి, అట్టముక్కపై ఐదు కాల్పించితిని. ఐదును ఎడమకే, బొటనవ్రేలి గోరంత చోట గుమిగూడినవి. అప్పుడు అల్లుడు మెల్లగా ఒప్పుకొనెను: తాను మొదట గుఱిపెట్టినది కుడిప్రక్కనున్న పచ్చబుడగకట.