వడ్డీ హామీతో తవ్విన కాలువ

హంద్రీ పుట్టేది పత్తికొండ సీమలోనే, మద్దికెర పొలాల్లో. వానలు పడ్డప్పుడు ఉరకడం, వానలు వెనకబడితే ఇసుకలో ఇంకిపోవడం దాని తీరు. ఆ కాస్త నీటితోనే ఉత్తరానికి నడిచి కర్నూలు దగ్గర తుంగభద్రలో కలుస్తుంది. కలవబోయే ముందు కర్నూలు ఊళ్లోనే దాని నెత్తి మీదుగా మరో ప్రవాహం దాటిపోతుంది. అది కేసీ కెనాల్, అంటే కర్నూలు–కడప కాలువ. కింద వానను నమ్ముకున్న ఏరు, పైన లండన్ డబ్బుతో తవ్విన కాలువ. ఆ పైదాని కథ తెలియాలంటే ముందు పత్తికొండలో కాసేపు ఆగాలి.

1827 జూలై 6న మద్రాసు గవర్నర్ సర్ థామస్ మన్రో పత్తికొండలో కలరాతో చనిపోయాడు. ఇంగ్లండుకు వెళ్లిపోయే ముందు దత్త మండలాలను చివరిసారిగా చూసిపోదామని వచ్చాడాయన. శవాన్ని గుత్తికి తీసుకెళ్లి పూడ్చారు, తర్వాత మద్రాసుకు తరలించారు. పత్తికొండలో ఆయన జ్ఞాపకంగా ప్రభుత్వం ఒక తోపు పెంచి, మెట్ల బావి కట్టించింది. కరువు సీమలో ఇంతకన్నా తగిన స్మారకం ఉండదు.

మన్రో 1800 నుంచి 1807 దాకా దత్త మండలాల ప్రిన్సిపల్ కలెక్టరు. వెళ్లిపోతూ 1807లో ఒక సిఫార్సు చేశాడు. శిస్తు అన్ని భూములకూ నూటికి 25 వంతులు తగ్గించాలి, బావులూ చెరువులూ రైతులే బాగుచేసుకుంటూ సాగుచేసే భూములకు ఇంకో 8 వంతులు తగ్గించాలి. పైవాళ్లు అప్పట్లో ఒప్పుకోలేదు. శిస్తు భారమైతే రైతు భూమిని బీడు పెట్టేస్తాడనీ, తేలికైతే తానే బావి తవ్వుకుంటాడనీ ఊరూరా తిరిగి నేర్చుకున్న మనిషి ఆయన. అర్ధ శతాబ్దం గడిచాక అదే సీమలో కాలువ తవ్వడానికి వచ్చినవాళ్లు ఈ పాఠం తిరగేసి ఉంటే చాలా డబ్బు మిగిలేది.

1858లో రెండు పనులు జరిగాయి. అంతదాకా బళ్లారి జిల్లాలో ఉన్న పత్తికొండ తాలూకా కర్నూలు జిల్లాలో కలిసింది. అక్కడ లండన్‌లో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ పుట్టింది. దాని వెనకున్న ఊహ ఆర్థర్ కాటన్‌ది. ఆయన కట్టించిన ధవళేశ్వరం ఆనకట్టతో గోదావరి డెల్టా రూపం మారిపోయింది. తుంగభద్ర నీటిని పెన్నా లోయకు మళ్లించి, అటు పొలాలకూ ఇటు పడవలకూ పనికొచ్చే దారి వేస్తే ఈ మెట్ట సీమా అలాగే మారుతుందని కాటన్ గట్టిగా నమ్మాడు. నమ్మకంలో తప్పు లేదు. లెక్క కట్టిన పద్ధతిలోనే చిక్కుంది.

వాటాలతో సమకూర్చుకోవాల్సిన మూలధనం 10 లక్షల పౌన్లు. ఆ మొత్తం మీద ఏటా నూటికి 5 వడ్డీ ఇస్తామని ప్రభుత్వం హామీ ఇచ్చింది. అంటే ఏడాదికి 50,000 పౌన్లు, ఆనాటి మారకంలో సుమారు 5 లక్షల రూపాయలు. కాలువలో నీళ్లు పారినా పారకపోయినా, రైతు కొన్నా కొనకపోయినా వాటాదారుకు వడ్డీ ముడుతుంది. రైలు కంపెనీలకు ఇచ్చిన హామీ కూడా ఇలాంటిదే. నష్టమొస్తే ఎవరు భరించాలి? ఖజానా భరించాలి. ఆ ఖజానా నిండేది శిస్తుతో. ఆ శిస్తు కట్టేవాళ్లలో కాలువ నీళ్లు ఒక్క చుక్కా అందని పత్తికొండ మెట్ట రైతూ ఉన్నాడు.

అంతకు కొన్నేళ్ల ముందే బొంబాయిలో ఇంకో దారి కనిపించింది. మాహిం దీవికీ సాష్టీ దీవికీ మధ్య అలల మీద రోడ్డు వేయడానికి ప్రభుత్వం డబ్బు పెట్టనంటే, పారసీ వర్తకుడు జంషెట్జీ జీజీభాయ్ భార్య అవాబాయి 1,57,000 రూపాయలు ఇచ్చింది. దాటేవాళ్ల దగ్గర సుంకం వసూలు చేయకూడదన్నది ఆమె షరతు. 1845లో దారి తెరిచారు. అక్కడ డబ్బు పెట్టిన మనిషి లాభం అడగలేదు. ఇక్కడ పెట్టినవాళ్లకు నష్టమన్నదే లేకుండా చేశారు. దాతల మీద ఆధారపడి దేశమంతా కాలువలు తవ్వలేమన్నది నిజమే. కానీ నష్టభయం లేని డబ్బుకు జాగ్రత్త కూడా ఉండదని కర్నూలులో తేలింది.

కర్నూలుకు ఎగువన తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర ఆనకట్ట లేచింది. 1863లో మొదలైన కాలువ పని 1870 దాకా సాగింది. కాటన్ ఊహించిన మహా పథకంలో పూర్తయింది ఈ ఒక్క ముక్కే. మూలధనం ముందే కరిగిపోతే 1866లో ప్రభుత్వమే మరో 6 లక్షల పౌన్లు అప్పిచ్చింది.

సుంకేసుల నుంచి కర్నూలు దాకా కాలువ తుంగభద్రను అంటిపెట్టుకుని వస్తుంది. హంద్రీని అక్విడక్టు మీద దాటి తూర్పుకు సాగి, మిట్టకందాల దగ్గర కృష్ణా, పెన్నా పరీవాహకాల మధ్యనున్న ఎత్తును కోసుకుని అవతలికి దిగుతుంది. అక్కడి నుంచి కొత్తగా తవ్వింది కొంతే. నిప్పులవాగు, గాలేరు, కుందూ వాగులనే కాలువగా వాడుకున్నారు. ఈ ఉపాయం మాత్రం మెచ్చుకోవాల్సిందే. దారిలో లాకులు కట్టి పడవలకూ వీలు కల్పించారు.

నీళ్లు వచ్చాయి. రైతులు రాలేదు.

నంద్యాల పరిసరాలది నల్లరేగడి. వాన ఒక మోస్తరుగా పడితే చాలు, ఆ నేల తడిని పట్టి ఉంచుకుని జొన్న, పత్తి పండిస్తుంది. అలాంటి నేలకు తీరువా కట్టి మరీ నీళ్లు పెట్టే అవసరం మంచి ఏడాదిలో రైతుకు కనిపించలేదు. వరి మడి కట్టాలంటే చదును, గట్లు, ఎడ్లు, అప్పు అన్నీ కావాలి. గోదావరి ఒండ్రుకు పనికొచ్చిన లెక్క రేగడికి పనికిరాలేదు. పడవల బేరమూ పుంజుకోలేదు. 1871కే మద్రాసు రైలు ఆదోని మీదుగా రాయచూరు చేరిపోయింది.

తర్వాత ధాత కరువు వచ్చింది. 1876–78 మధ్య కర్నూలు జిల్లా పడ్డ బాధ మద్రాసు ప్రెసిడెన్సీలో మరే జిల్లా కన్నా తక్కువ కాదు. 1871 జనాభా లెక్కకూ 1881 లెక్కకూ మధ్య జిల్లా జనాభా నాలుగో వంతుకు పైగా తగ్గిపోయింది. ఆ ఏళ్లలో అంతకుముందు వద్దన్నవాళ్లే కాలువ నీళ్లకు ఎగబడ్డారు. కంపెనీ ఖాతాల్లో దండగ అనిపించిన కాలువ దాని గట్టున ఉన్న ఊళ్లకు ప్రాణం నిలిపింది. నీటిపారుదల విలువను వడ్డీతోనే కొలిస్తే ఈ ప్రాణాలు ఏ గడిలోనూ పడవు. 1878లో హౌస్ ఆఫ్ కామన్స్ కమిటీ ముందు కాటన్ కాలువల పక్షాన పోరాడాడు. కరువు పాఠంలో ఆయనదే సరి. కంపెనీని 1882లో ప్రభుత్వం సుమారు 3 కోట్ల రూపాయలకు కొనేసింది. వాటాదారులు సొమ్ము చూసుకుని తప్పుకున్నారు, భారం ఈ దేశం మీద మిగిలింది.

పడవల రాకపోకలు 1933లో ఆపేసి, కాలువను పూర్తిగా సాగుకే వదిలారు. కుందూ మీద రాజోలి ఆనకట్ట, పెన్నా మీద ఆదినిమ్మాయనపల్లె ఆనకట్ట దాటి, తుంగభద్ర నీళ్లు సుంకేసుల నుంచి 300 కిలోమీటర్లకు పైగా నడిచి కడప చేరతాయి. ఒకప్పుడు గిరాకీ లేని ఈ నీటి కింద ఇప్పుడు దాదాపు 2,65,000 ఎకరాల ఆయకట్టు ఉంది. కర్నూలు సోనా బియ్యం పేరు ఈ నీటి పుణ్యమే. కృష్ణా జలాలను పంచిన బచావత్ ట్రిబ్యునల్ కేసీ కెనాల్‌కు 39.9 టీఎంసీలు కేటాయించింది.

కాగితం మీద వాటా ఉంది, నిలవ చేసుకునే చోటే లేదు. సుంకేసుల బ్యారేజీలో పట్టేది 1.2 టీఎంసీలు. వరద రోజుల్లో నీళ్లు కిందికి పోతాయి, పైరు పొట్ట మీదున్న రోజుల్లో కొసనున్న మైదుకూరు, చాపాడు, కడప రైతులు తూముల దగ్గర కాపు కాయాలి. సుంకేసులకు ఎగువన గుండ్రేవుల, కుందూ మీద జోలదరాశి, రాజోలి జలాశయాలను ప్రతిపాదించింది ఈ లోటు తీర్చడానికే. వాటిని కట్టి తీరాలి. కట్టేముందు ఎంత అప్పు తెస్తున్నారో, ఏ వడ్డీకి తెస్తున్నారో, పని ఆలస్యమైతే ఆ నష్టం గుత్తేదారుదో ఖజానాదో తేల్చి, ఆ లెక్కను ఆయకట్టు ఊళ్ల గ్రామసభల్లో తెలుగులో చదివి వినిపించాలి.