రాణిగంజ్ అడిగే మొదటి ప్రశ్న... ‘బండి ఏది?’

సొంత బండికి చిన్నాచితకా పనులు ఇంట్లోనే చేసుకోవాలంటే మంచి సాకెట్ల సెట్టు ఒకటి ఉండాలి. అయితే తళతళలాడే పెట్టెలన్నీ మంచివి కావు. ఏది పనికొస్తుందో, ఏది చెయ్యిస్తుందో తెలియాలంటే సికింద్రాబాద్ రాణిగంజ్‌లో ఓ పూట తిరగాల్సిందే!

ఉదయం పదిన్నర. రాణిగంజ్ అప్పుడే ఒళ్లు విరుచుకుంటోంది. షట్టర్లు ఒకదాని వెంట ఒకటి దడదడమంటూ పైకి లేస్తున్నాయి. ఇనుము, గ్రీజు, అగరొత్తుల పొగ... మూడూ కలిస్తే వచ్చే వాసన ఈ వీధులది. పంపుసెట్లు ఓ చోట, బేరింగులు ఇంకో చోట, గొలుసులూ తాళ్లూ మరో చోట. తోపుడు బండి మీద పైపుల కట్ట సందు మలుపు తిరుగుతుంటే వెనకాల ఆటోలు హారన్లు మోగిస్తున్నాయి.

అల్వాల్ నుంచి వచ్చిన ఓ రిటైర్డ్ ఉద్యోగి చేతిసంచీతో పనిముట్ల దుకాణం మెట్లెక్కారు. సంచీలోంచి రేకు పెట్టె తీసి కౌంటర్ మీద పెట్టారు. ఫుట్‌పాత్ మీద అయిదారొందలకు దొరికే నలభై ఆరు పీసుల సెట్టు అది. అందులో ఒక గోటీ నిలువునా చీలిపోయి ఉంది.

‘‘మా అబ్బాయి కొన్నాడు. కోడలు, ఆర్నెల్ల పాపతో ఊరికి వెళ్తుంటే రాత్రిపూట హైవే మీద టైరు పంక్చరైంది. నట్టు ఊడలేదు సరికదా, దాని మూలలు అరిగిపోయాయి. మూడు గంటలు చీకట్లో నిలబడ్డారు. ఇంకో సెట్టు ఇవ్వండి. ఈసారి మంచిది కావాలి’’ అన్నారు.

కౌంటర్ వెనకున్న పెద్దాయన ధర చెప్పలేదు. పెట్టెలూ దించలేదు.

‘‘బండి ఏది సార్?’’ అనడిగారు.

కంటోన్మెంట్ నీడలో...

సికింద్రాబాద్‌కు ఆ పేరు 1806లో వచ్చింది. మూడో నిజాం సికందర్ జా పేరు మీద వెలసిన కంటోన్మెంట్ ఊరిది. సైన్యం ఉన్నచోట బళ్లుంటాయి, మరమ్మతులుంటాయి, వాటికి కావాల్సిన సరుకూ ఉంటుంది. ఒకప్పటి జేమ్స్ స్ట్రీట్ ఇప్పటి ఎం.జి.రోడ్డు. దాని చివర గడియారం గోపురంతో నిలబడ్డ పాత పోలీస్ స్టేషన్ భవనం, ఆవల కర్బలా మైదానం, ఇంకాస్త ముందుకెళ్తే ట్యాంక్‌బండ్. ఈ చుట్టుపక్కలే గుజరాతీ, మార్వాడీ, బోహ్రా కుటుంబాలు తరతరాలుగా ఇనుప సామాను వ్యాపారం చేస్తున్నాయి. బేరం తెలుగులో మొదలై హిందీలోకి మళ్లి దక్కనీ ఉర్దూలో తెగుతుంది!

ఇక్కడికొచ్చే సరుకు మాత్రం దేశం నలుమూలలదీ. చేతి పనిముట్లకు పంజాబ్‌లోని జలంధర్, లూధియానా పెట్టింది పేరు. రాజస్థాన్‌లోని నాగౌర్‌దీ ఇదే వృత్తి. తపారియా పనిముట్లు మహారాష్ట్రలోని నాసిక్ నుంచి వస్తాయి. విదేశీ బ్రాండ్లూ, పేరూ ఊరూ లేని డబ్బాలూ అదే అరల్లో పక్కపక్కన కూర్చుంటాయి.

మెకానిక్కులు సాకెట్‌ను ‘గోటీ’ అంటారు. ఒక్కో నట్టుకూ ఒక్కో పానా మోసుకు తిరిగే బాధ తప్పించిందిదే. హ్యాండిల్ ఒకటే, గోటీలు మార్చుకోవడమే. 1920లో అమెరికాలోని మిల్వాకీ నగరంలో స్నాప్-ఆన్ కంపెనీ ఈ ఆలోచనతోనే పుట్టింది. అయిదు హ్యాండిళ్లకు పది గోటీలు మార్చి మార్చి తగిలిస్తే యాభై పానాల పని అయిపోతుందన్నది వాళ్ల లెక్క.

నంబర్లలోనే అసలు కథ

ఇంతకీ బండి ఏదైతే ఏం? అక్కడే ఉంది కిటుకు. అంబాసిడర్ బ్రిటిష్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చిన కారు. దాని నట్లకు అంగుళాల పానాలు కావాలి. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాక మిల్లీమీటర్లు ఇంటింటికీ చేరాయి. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది కానీ పాత మెకానిక్కుల పెట్టెల్లో అంగుళాల గోటీలు ఇంకా ఉన్నాయి. ముప్పావు అంగుళమంటే 19.05 మి.మీ. కాబట్టి 19 నట్టుకు సరిపోతుంది. అరంగుళమంటే 12.7. దాన్ని 12 నట్టుకు తగిలిస్తే మూలలు అరిగిపోవడం ఖాయం.

జపాన్ మూలాలున్న బళ్లలో ఎక్కువగా కనిపించే సైజులు 10, 12, 14, 17, 19. యూరప్ పద్ధతి బళ్లలో 12కు బదులు 13 వస్తుంది. చక్రాల నట్లు మారుతి కార్లలో చాలావాటికి 19, హ్యుందాయ్ కార్లలో చాలావాటికి 21. ఇప్పటి చిన్న బైకుల స్పార్క్ ప్లగ్గులకు ఎక్కువగా 16 సైజు లోతు గోటీ కావాలి. పాత చేతక్ స్కూటరు ప్లగ్గయితే 21.

పెద్దాయన ఆ రేకు పెట్టెను తిప్పి చూశారు. 19 ఉంది. ఆ తర్వాతది ఏకంగా 22! అల్వాల్ ఆయన కొడుకు కారు నట్టు 21. చీకట్లో, పాప ఏడుస్తుంటే, దగ్గర్లో ఉన్న సైజు తగిలించి బలమంతా ఉపయోగించాడా అబ్బాయి. ‘‘నట్టు తప్పు లేదు, పిల్లాడి తప్పూ లేదు. పెట్టెలో ఆ నంబరే లేదు సార్’’ అన్నారు పెద్దాయన. అల్వాల్ ఆయన కాసేపు మాట్లాడలేదు. ఆ రాత్రి ఫోన్‌లో ‘ఆ మాత్రం నట్టు విప్పలేవురా’ అని కొడుకు మీద కేసరిన సంగతి గుర్తొచ్చిందట!

పావు, ముప్పాతిక... కాదు, అర!

పెట్టె కొనేటప్పుడు ఎక్కువమంది చూసేది పీసులెన్ని అని. నూట ఎనిమిది అంటే నలభైకన్నా గొప్పదనుకుంటారు. విప్పి లెక్కపెడితే సగం స్క్రూడ్రైవర్ బిట్లే! చూడాల్సింది హ్యాండిల్‌కు గోటీ తగిలే నలుచదరపు మొన సైజు. దాన్నే ‘డ్రైవ్’ అంటారు. ఇళ్లలో వాడకానికి మూడు రకాలున్నాయి.

పావు అంగుళం (6.35 మి.మీ.) చిన్న స్క్రూలకు, ప్లాస్టిక్ కవర్ల బోల్టులకు. మూడు బై ఎనిమిది (9.5 మి.మీ.) బైకుకూ, ఇంజిన్ దగ్గరి పనులకూ హాయిగా ఉంటుంది. అరంగుళం (12.7 మి.మీ.) చక్రాల నట్లకు, బిగుసుకుపోయిన బోల్టులకు. చవక పెట్టెల్లో చాలావరకు పావు అంగుళానివే. వాటితో కారు చక్రం విప్పబోతే హ్యాండిల్ మొన విరుగుతుంది, లేదంటే గోటీ చీలుతుంది.

లెక్క సులువే. చిన్న కార్ల చక్రాల నట్లను సుమారు వంద న్యూటన్ మీటర్ల బలంతో బిగిస్తారు. పావు మీటరు పొడవున్న హ్యాండిల్‌తో అది విప్పాలంటే చివర నలభై కిలోల బరువంత నొక్కాలి. అర మీటరు బారు అయితే ఇరవై కిలోలు చాలు. తుప్పు పట్టిన నట్టుకు ఇంకా ఎక్కువే కావాలి. కాబట్టి పెట్టెలో కటకటమనే రాచెట్ ఒక్కటే ఉంటే సరిపోదు, పొడుగాటి బారు కూడా ఉండాలి. మొదటి బిగువు బారుతో విప్పి, తర్వాత రాచెట్‌తో తిప్పుకోవాలి. రాచెట్ లోపల ఉండేవి చిన్న పళ్లు. వాటి మీద ఎక్కి తొక్కితే అరిగిపోతాయి.

ఆ పళ్ల లెక్కా తెలుసుకోవాలి. ఇరవై నాలుగు పళ్లుంటే ఒక్కో పట్టుకు హ్యాండిల్ 15 డిగ్రీలు కదలాలి. డెబ్భై రెండుంటే 5 డిగ్రీలు చాలు. చెయ్యి దూరని ఇరుకు చోట్ల ఆ తేడా తెలుస్తుంది.

ఆరు మూలలా, పన్నెండా?

గోటీని తిరగేసి లోపలికి చూస్తే ఆరు మూలలో, పన్నెండు మూలలో కనిపిస్తాయి. పన్నెండు మూలలది నట్టు మీద త్వరగా కూర్చుంటుంది, ముప్పై డిగ్రీలకోసారి పట్టు దొరుకుతుంది. కానీ బలం నట్టు అంచుల మీద పడుతుంది. ఆరు మూలలది నట్టు పక్క భాగాలను ఒడిసిపట్టుకుంటుంది. పాత నట్లు, తుప్పు పట్టినవి ఎదురయ్యే ఇంటి పనికి ఇదే నయం.

మంచి గోటీలు క్రోమ్ వనేడియం ఉక్కుతో చేస్తారు. అయితే ఆ మాట పెట్టె మీద అచ్చు వేయడం తేలిక, ఉక్కులో ఉండటం కష్టం! అందుకే పెద్దాయన కొన్ని పరీక్షలు చేసి చూపించారు. గోటీ మీద కంపెనీ పేరు, సైజు స్పష్టంగా చెక్కి ఉండాలి. లోపలి రంధ్రం సరిగ్గా మధ్యలో ఉండాలి, గోడ ఒకవైపు మందం, ఒకవైపు పలచన ఉండకూడదు. హ్యాండిల్‌కు తగిలించి ఊపితే గుల్లగా కదలకూడదు. తిరగేస్తే దానంతటది జారి పడకూడదు. మెరుపు పూత పొక్కులు లేకుండా ఉండాలి. కొత్త నట్టు మీద పెట్టి చూస్తే ఒదిగినట్టుండాలి.

నల్లటి గోటీలూ ఉంటాయి. అవి గాలితో, కరెంటుతో తిరిగే ఇంపాక్ట్ గన్‌ల కోసం చేసినవి. మెరిసే గోటీని గన్‌కు తగిలిస్తే పగిలి ముక్కలు ఎగిరే ప్రమాదముంది.

ఆదివారమైతే ఎర్రగడ్డ

రాణిగంజ్‌లో ఆదివారం చాలా దుకాణాలు మూసే ఉంటాయి. ఆ రోజు పనిముట్ల ప్రియుల అడుగులు ఎర్రగడ్డ సంత వైపు పడతాయి. గోనెపట్టాల మీద పాత పానాలు, రాచెట్లు, విడి గోటీలు గుట్టలుగా కనిపిస్తాయి. ఓపిగ్గా ఏరితే గట్టి పాత సరుకు చవగ్గా దొరుకుతుంది. అంగుళాల గోటీల కోసం వచ్చేవాళ్లకైతే ఇది నిధే. కానీ వెంట్రుకవాసి పగుళ్లు, అరిగిన మూలలు వెలుతురులో పట్టి చూసుకోవాలి. నకిలీ పేర్లకూ కొదవ లేదు. కొత్తగా నేర్చుకునేవాళ్లు మొదటి సెట్టు బిల్లిచ్చే దుకాణంలోనే కొనడం మంచిది, తేడా వస్తే మార్చుకోవచ్చు.

చివరికి అల్వాల్ ఆయన కొన్నది నూట ఎనిమిది పీసుల పెట్టె కాదు. ఆరు మూలల గోటీలతో అరంగుళం సెట్టు ఒకటి. అందులో 10 నుంచి 32 వరకు ఉన్నాయి. 21 ఉందో లేదో ఆయనే మూడుసార్లు చూసుకున్నారు. పొడుగు బారు అందులోనే వచ్చింది. నాలుగైదు వేల రూపాయలైంది. ‘పింఛను డబ్బులు’ అంటూ నోట్లు రెండుసార్లు లెక్కపెట్టారు.

బిల్లు రాస్తూ పెద్దాయన జాగ్రత్తలు చెప్పుకుపోయారు. జాకీ ఎత్తకముందే, చక్రం నేల మీద ఉండగానే నట్లు కొంచెం వదులు చేయాలి. జాకీ మీదున్న కారు కిందికి ఎట్టి పరిస్థితుల్లోనూ దూరకూడదు. బిగించేటప్పుడు వరసగా కాకుండా ఎదురెదురు నట్లు బిగించుకుంటూ రావాలి. బారు మీద ఎక్కి తొక్కి బిగిస్తే మళ్లీ విప్పేవాడికి నరకం. ఎంత బిగించాలో బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది, కుదిరితే టార్క్ రెంచ్‌తో చూసుకోవాలి.

‘‘ఇంకో మాట సార్. పెట్టె డిక్కీలో పడేసి ఊరుకోవద్దనండి. ఈ ఆదివారమే ఇంటి ముందు ఒక చక్రం విప్పి బిగించమనండి. ఏ నట్టు ఊడుతుందో, ఏది మొరాయిస్తుందో పట్టపగలే తెలియాలి.’’

అల్వాల్ ఆయన తలూపారు. చీలిన గోటీని పారేస్తారేమోననుకుంటే, కాగితంలో చుట్టి జేబులో వేసుకున్నారు. ‘‘వాడికి చూపిస్తాను. తప్పు తనది కాదని తెలియాలి కదా’’ అన్నారు. బరువైన పెట్టెను రెండు చేతులా పట్టుకుని, తోపుడు బళ్ల మధ్య దారి చేసుకుంటూ బస్టాపు వైపు నడిచారు.