ఫ్యాను రెక్క మీద పేరు

మా ఊరి గుడిలో ఆరు ఫ్యాన్లుండేవి. గుడి అంటే లూథరన్ గుడి. గుంటూరు చుట్టుపక్కల పల్లెల్లో మేం చర్చిని గుడి అనే అంటాం. ప్రతి ఫ్యాను రెక్కల మీదా ఎర్ర పెయింటుతో రాత ఉండేది. ఒక రెక్క మీద చనిపోయినవారి పేరు, ఇంకోదాని మీద కానుకిచ్చిన కొడుకు పేరూ ఉద్యోగమూ, మూడోదాని మీద సంవత్సరం. తిరిగేటప్పుడు ఇవేవీ కనపడవు. కరెంటు పోయి, జనం పాటల పుస్తకాలతో విసురుకోవడం మొదలుపెట్టాక, రెక్కలు నెమ్మదించి ఒక్కో అక్షరమే బయటపడేది. గాలి ఇస్తున్నంతసేపూ లేని పేరు గాలి ఆగగానే వచ్చేది. నాకు చదవడం సగం అక్కడే వచ్చింది. మిగతా సగం బడిలో.

గర్వం కూడదని ఆ ఫ్యాన్ల కింద విన్న ప్రసంగాలకు లెక్కలేదు. ఒక్కటీ గుర్తులేదు. గర్వం గురించి నాకు తెలిసిందంతా ఒక కవరు నేర్పింది.

పదిహేనేళ్ల కిందట గుడికి కొత్త రేకులు వేయాలని చందాలెత్తారు. నేనప్పటికే హైదరాబాదులో ఉద్యోగంలో ఉన్నాను. కుడిచెయ్యి ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదన్న బోధ ఒకటుంది కదా. దాన్ని అక్షరాలా పాటిద్దామని పదివేలు కవర్లో పెట్టి, పేరు రాయకుండా కానుకల సంచిలో వేశాను. ఆ రోజంతా మనసు దూదిపింజలా తేలిపోయింది.

తర్వాతి ఆదివారం పాస్టరు అయ్యగారు చందాల పట్టీ చదివారు. ఫలానావారు ఐదువందలు, ఫలానావారు వెయ్యి. చివర్న గొంతు కొంచెం పెంచి, పేరు చెప్పడానికి ఇష్టపడని ఒక సహోదరుడు పదివేలు అన్నారు. స్తోత్రం, స్తోత్రం అన్నారందరూ. తలలన్నీ ఒక్కసారి తిరిగాయి. నావైపు కాదు. రెండో వరసలో కూర్చున్న, వరసకు నాకు బావ అయ్యే రైసుమిల్లు ఆసామి వైపు. ఆయన అవుననలేదు, కాదనలేదు. కండువా సర్దుకుని నెమ్మదిగా తల దించుకున్నాడు. ఆ తల దించుకోవడం ఉంది చూశారూ, అంత వినయం నేనింతవరకూ మళ్లీ చూళ్లేదు. ఆరాధన అయ్యాక ఆయనతో చెయ్యి కలపడానికి క్యూ కట్టారు. నేనూ కలిపాను.

ఆ మధ్యాహ్నం కోడికూర నోటికి ఎక్కలేదు. రాత్రికి మా ఆవిడకు చెప్పేశాను. అంతా విని, "తెలియకూడదని ఇచ్చారా, వెతుక్కుంటూ రావాలని ఇచ్చారా?" అంది. నా దగ్గర జవాబు లేదు. అయితే ఎవరికీ చెప్పొద్దని మాత్రం నేనామెతో అనలేదు. ఆమె వాళ్లమ్మకు చెప్పింది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదని నాకు తెలుసు. ఇప్పుడు మీకూ చెప్పాను. పదివేలకు ఇంతకంటే వడ్డీ ఏ బ్యాంకు ఇస్తుంది?

ఈ గుణానికి మా సంఘాల్లో వాడే మాట తగ్గింపు. "ఆయన చాలా తగ్గింపు గల మనిషి" అంటారు. ఆషాఢంలో బట్టల కొట్ల ముందు కట్టే బ్యానరు మీదా అదే మాట. ముందు ధర పెంచి రాసి, తర్వాత దాని మీద అడ్డగీత కొట్టే కిటుకు రెండుచోట్లా నడుస్తుంది. నేను అల్పుణ్ణి, పురుగులాంటివాణ్ణి అని మొదలైన సాక్ష్యం, ఆ పురుగు అమెరికాలో ఎన్ని రాష్ట్రాలు తిరిగొచ్చిందో చెప్పిగానీ ఆగదు. సభల ఫ్లెక్సీల మీద రెవరెండు, డాక్టరు, అపొస్తలుడు అన్నీ వేసుకున్నాక, కింద చిన్న అక్షరాల్లో దేవుని దాసుడు అని ఉంటుంది. విందుకు పిలిస్తే చివరి చోటున కూర్చోమని యేసు చెప్పిన మాటనూ మనవాళ్లు వదల్లేదు. కావాలని వెనక బెంచీలో కూర్చుని, ముందుకు రమ్మని అయ్యగారు ఎప్పుడు పిలుస్తారా అని చూసే పెద్దలు నాకు ఇద్దరు తెలుసు.

ఇలా అందర్నీ చూసి నవ్వుకునే వయసులో ఓసారి ఫ్యాన్ల మీది పేర్లనూ ఎగతాళి చేశాను. నాన్న వింటున్నాడు. నాలుగో ఫ్యాను మీదున్నది నాయనమ్మ పేరని నీకు తెలుసుగా అన్నాడు. తెలుసు, చాలాసార్లు చదివాను. చివర గారు అని ఉంటుంది. నాన్న ఆ గారు సంగతే చెప్పాడు. ఆవిడ బతికినంతకాలం ఆసాముల వీధిలో చెప్పులు చేతపట్టుకుని నడిచిందట. నాట్లకు పిలిచేవాళ్లు ఒసే అనే పిలిచేవారట. బాప్తిస్మంలో పెట్టిన పేరు గుడి రిజిస్టరులో తప్ప ఎవరి నోటా పలకలేదు. నాన్న పంతులు ఉద్యోగంలో కూడబెట్టి ఫ్యాను కొన్నప్పుడు, పెయింటరు చోటు చాలదని గారు తీసేస్తానన్నాడట. అక్షరాలు చిన్నవి చెయ్యి, గారు మాత్రం ఉండాలన్నాడట నాన్న.

అది గర్వమే అనుకుంటే, ఆ గర్వానికి అడ్డుచెప్పే నోరు నాకు లేదు. మా సంఘాల్లో చాలామంది తాతముత్తాతలు మాల మాదిగ పల్లెలవాళ్లు. వంగడం వాళ్లకు ఏ అయ్యగారూ నేర్పక్కర్లేదు. నడుమెత్తుకోవచ్చని ఎవరో చెప్పారనే ఆ గుడి గడప తొక్కారు.

గర్వం సేవ చేసే చేతుల్లో కూడా దాక్కుంటుందని 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో నిలబడి చెప్పినవాడు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. తమిళదేశంలో పుట్టి, తెలుగు నేర్చుకుని, మన దోర్నకల్లులో స్థిరపడ్డ మనిషి. అప్పటికాయనకు ముప్పై అయిదేళ్లు. తెల్ల మిషనరీలు ఆస్తులిస్తారు, అవసరమైతే ప్రాణాలూ ఇస్తారు, మాకు కావలసింది స్నేహం అన్నది ఆయన మాటల సారం. నాకది చదివినప్పుడల్లా కుర్చీ గుర్తొస్తుంది. త్యాగం చెయ్యగలరు, పక్కన కుర్చీ వెయ్యలేరు. సభలో కొందరికి కోపం వచ్చింది కూడా. రెండేళ్లకు, 1912లో, ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్పు ఆయనే అయ్యాడు.

మా అమ్మ వాళ్లది ఒంగోలు వైపు. బాప్తిస్టులు. వాళ్ల గొప్ప వేరు, అది గుండ్లకమ్మ గొప్ప. 1878 జులై 3న, ఒక్కరోజులో 2,222 మందికి ఆ ఏట్లో బాప్తిస్మాలిచ్చారు. పెద్ద కరువు సాగిన రోజులవి. మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలవ తవ్వకంలో కొంతభాగం కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి చూపించాడు. కూటికోసం మతం పుచ్చుకున్నారన్న మాట రాకూడదని, ఆ పనులు నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ నిగ్రహానికి దండం పెట్టాలి. అయితే ఆ రోజు ఇద్దరిద్దరు చొప్పున నీళ్లలో నిలబడి అందర్నీ ముంచి లేపింది ఆరుగురు తెలుగు బోధకులు. 2,222 అంకె మా అమ్మమ్మకు నిద్రలో లేపినా వచ్చేది. క్లౌ దొర పేరూ వచ్చేది. ఆ ఆరుగురి పేర్లు అడిగితే మాత్రం, "ఎవరోలేరా, మనోళ్లే" అనేది.

ఒక పవిత్ర గురువారం నాడు మిత్రుడి వెంట కథోలిక గుడికి వెళ్లాను. ఫాదరు గారు మోకాళ్ల మీద వంగి పన్నెండుమంది కాళ్లు కడిగారు. ఆ పన్నెండుమందీ ఇంటి దగ్గరే సబ్బుతో రుద్దుకుని, గోళ్లు తీసుకుని వచ్చారు. పళ్లెంలో పడ్డ నీళ్లు తేటగా ఉన్నాయి. నవ్వొచ్చింది కానీ, వాళ్ల చోటులో ఉంటే నేనూ అదే చేద్దును. మనం కడగడానికి ఒప్పుకుంటాం. మన మురికి కాళ్లు ఇంకొకరి చేతిలో పెట్టాలంటేనే ప్రాణం పోతుంది. యేసు కడగబోతే పేతురు కూడా మొదట కాళ్లివ్వలేదు.

మా నాయనమ్మా ఇవ్వలేదట. మంచాన పడ్డ రోజుల్లో అయ్యగారి భార్య అమ్మగారు వచ్చేది. రేగడిలో నానినాని పగుళ్లుబారిన ఆ మడమల్ని వేడినీళ్లతో కడగబోతే, "మీరు ముట్టుకోకూడదమ్మా" అంటూ నాయనమ్మ కాళ్లు దుప్పట్లోకి లాక్కునేదట. పేతురు లాక్కోవడమూ ఈమె లాక్కోవడమూ ఒకటి కావు. ఆయనది గురువు మీది మర్యాద, ఈమెది తరాలుగా ఒంటికి పట్టిన భయం. అమ్మగారు ఏమీ బోధించలేదట. రోజూ వచ్చి, చెంబు మంచం పక్కన పెట్టుకుని, నీళ్లు చల్లారేదాకా కూర్చునేదట. మూడో రోజు నాయనమ్మ కాళ్లు లాక్కోలేదట.

మొన్న క్రిస్మస్‌కు గుడికి సున్నాలు వేస్తూ ఫ్యాన్లు తుడిచారు. నేనూ తమ్ముడూ నిచ్చెన వేసి నాలుగోదాని పని పట్టాం. తడిగుడ్డ పెట్టగానే దుమ్ముతోపాటు పెయింటూ లేచొచ్చింది. నాయనమ్మ పేరు సగం పోయింది. గారు మాత్రం గట్టిగా పట్టుకుని ఉంది. పెయింటరును పిలిపించి మళ్లీ రాయిద్దామా అన్నాడు తమ్ముడు. ఏం చెప్పాలో ఆలోచిస్తుంటే కింద నుంచి ఎవరో, "దిగండయ్యా, కరెంటొచ్చింది, స్విచ్చేస్తున్నా" అని కేకేశారు.