దృష్టము, అదృష్టము: కూలిన గోడ నేర్పిన పాఠము

శ్రీ గురుభ్యో నమః.



గత జ్యేష్ఠమాసంలో మా ఆలయ పుష్కరిణి తూర్పుగోడ పునర్నిర్మాణం సంపూర్ణమైంది. దర్శనానికి వచ్చిన ఒక గృహస్థు ఆ గోడను చూచి, తన కుమారునికి ఇంజినీరింగులో ప్రవేశం లభించినదని చెప్పి, ఆశీర్వచనం కోరారు. వెంటనే, "అయినా స్వామీ, అది లౌకికవిద్య కదా! రాయి, ఇనుము, జీతము. దానికి ధర్మంతో ఏమి సంబంధం?" అని తామే నవ్వారు. పదేండ్ల క్రితమైతే నేనూ ఆయనతో కలిసి నవ్వి ఉండేవాడను. ఆనాడు నవ్వలేకపోయాను. కారణం ఆ గోడయే. పూర్వపు గోడ ఎందుకు కూలినదో బహిరంగంగా చెప్పవలసిన ఋణం నాకున్నది. ఊరివారి ముందు ఒకసారి చెప్పాను. ఇప్పుడు మీ ముందు చెబుతున్నాను.

మాది గోదావరీ తీరాన కోనసీమలోని ప్రాచీన శివాలయం. ఆలయప్రాంగణం ఎత్తున, పుష్కరిణి పల్లాన ఉంటాయి. ప్రాంగణపు మట్టి కోనేటిలోనికి జారకుండా పెద్దలు కట్టించిన రాతిగోడకు వరుసగా చిన్నచిన్న రంధ్రాలుండేవి. వర్షాకాలంలో వాటినుండి నీరు బొట్లుబొట్లుగా కారి మెట్లపై పాచి పట్టేది. సున్నం వేసిన గోడపై ఎఱ్ఱని చారలు దిగేవి. ఒక బ్రహ్మోత్సవానికి ముందు ఆ చారలు నా కంటికి అపవిత్రంగా తోచాయి. మెట్లపై ఒక వృద్ధురాలు జారిపడబోవుట కూడ కారణంగా దొరికింది. మేస్త్రిని పిలిచి, "ఈ కన్నాలన్నీ సిమెంటుతో మూసివేయండి" అన్నాను. అతడు తల గోకుకొని, "పాతకాలపు కన్నాలండీ, ఏదో ఎరిగే పెట్టి ఉంటారు" అన్నాడు. నేను వినలేదు. ఆలయంలో అర్చకుని మాటకు ఎదురు చెప్పేవారు తక్కువ. అది గౌరవమని ఆనాడు భావించాను.

రెండేండ్లు ఏమీ కాలేదు. గోడ తెల్లగా, మెట్లు పొడిగా ఉన్నాయి. భక్తులు మెచ్చుకొన్నారు. మూడవ ఏట కార్తీకమాసానికి పూడిక తీయుటకై కోనేటినీరు తోడివేశారు. అంతలో తుపాను పట్టి మూడు దినాలు ఎడతెరపి లేని వర్షం కురిసింది. నాలుగవనాటి ప్రత్యూషంలో తూర్పుగోడ ఇరవై గజాల మేర కోనేటిలోనికి ఒరిగి కూలిపోయింది. ఆ సమయాన గోడ చెంత బిల్వదళాలు కోయుచున్న మా పరిచారకుని కాలిపై రాయి పడింది. పందొమ్మిదేండ్ల పిల్లవాడు. ప్రాణం దక్కింది. కాలియెముక విరిగి మూడు నెలలు మంచం పట్టాడు. నేటికీ ఆ కాలు కొంచెం ఈడ్చి నడుస్తాడు.

ఊరంతా ఆలయంలో చేరింది. "స్వామికి ఆగ్రహం కలిగింది. ఏదో అపచారం జరిగింది. శాంతి చేయించండి" అన్నారు. ఆ మాట వినగానే నా మనస్సు కుదుటపడింది. ఎందుకు కుదుటపడినదో అప్పుడు విచారించుకోలేదు. పంచాంగం తెప్పించి శాంతిహోమానికి ముహూర్తం చూచాను.

ఆనాటి సాయంకాలం మా గ్రామస్థులైన ఒక పెద్దమనిషి వచ్చారు. నీటిపారుదలశాఖలో ఇంజినీరుగా పనిచేసి విశ్రాంతి తీసుకొన్నవారు. నిత్యం ప్రదోషవేళ వచ్చి ధ్వజస్తంభం వద్ద కూర్చుని వెళ్ళుట వారి అలవాటు. ఆ రోజు నేరుగా కోనేటిలోనికి దిగి, కూలిన రాళ్ళ మధ్య చాలసేపు తిరిగి, చేతిలో ఒక సిమెంటు బిరడా పట్టుకొని పైకి వచ్చారు.

"స్వామీ, ఈ కన్నాలు మూయించినది ఎవరండీ?"

"నేనే మూయించాను, ఇంజినీరుగారూ."

ఆయన నన్ను నిందించలేదు. ఆ బిరడాను అరుగుపై ఉంచి, "1986 ఆగస్టు వరద మీకు గుర్తున్నదా? ఏటిగట్టుపై బస్తాలు మోసిన పాఠశాల పిల్లలలో మీరూ ఉన్నారు కదండీ" అన్నారు.

గుర్తున్నది. నాకప్పుడు పదునెనిమిదేండ్లు. క్రమం ముగించి జటాపాఠం చెప్పుకొంటున్నాను. గోదావరి గట్లు అనేకచోట్ల తెగి లంకలు, గ్రామాలు మునిగిన వరద అది. ఒక రాత్రి మా గట్టుకు ఇవతలివైపున, పొలంలో, నేలనుండి నీరు బుంగగా ఉబికింది. మేము కేకలు వేస్తూ గడ్డి, మట్టి, బస్తాలు దానిలో కుక్కబోయాము. అప్పుడు యువకుడైన ఈ ఇంజినీరుగారే లాంతరుతో పరుగెత్తి వచ్చి, "మూయకండి! మూస్తే పక్కన ఇంకా బలంగా పైకి తన్నుతుంది" అని ఆపివేశారు. వంగి దోసిలిలో ఆ నీటిని పట్టి లాంతరు వెలుగులో చూచారు. నీటిలో ఇసుక ఉన్నది. అనగా నీరు మాత్రమే కాదు, గట్టు కడుపులోని మట్టి కూడ బయటికి వస్తున్నది. బుంగ చుట్టూ వలయంగా ఇసుక బస్తాలు పేర్పించారు. నీరు ఆ వలయంలో బావివలె నిలిచి పైకి లేచింది. అవతల ఏటి మట్టానికి, ఇవతల నిలిచిన నీటి మట్టానికి భేదం తగ్గిన కొలది ఉబుకు మందగించింది. తెల్లవారుజామున ఆయన మళ్ళీ దోసిలి పట్టి చూచారు. నీరు తేటగా ఉన్నది. "ఇక పరవాలేదు. నీరు రావచ్చును, మట్టి రాకూడదు" అన్నారు. లోపలినుండి వచ్చే నీటిని అడ్డగించరాదని, దానికి నిరపాయమైన దారి ఇవ్వాలని ఆ రాత్రి నా చేతులతోనే నేర్చుకొన్నాను. ముప్పదియేండ్లకు మరచి, గోడ రంధ్రాలు మూయించాను.

అప్పుడాయన గోడ కూలిన విధం వివరించారు. వర్షపునీరు ప్రాంగణపు మట్టిలో ఇంకుతుంది. నీరు పట్టిన మట్టి బరువెక్కుతుంది. ఆపైన మట్టిలో నిలిచిన నీరు తానుగా గోడను వెనుకనుండి త్రోస్తుంది. ఆ త్రోపును తగ్గించుటకే పెద్దలు రంధ్రాలు ఉంచారు. కోనేరు నిండి ఉన్నప్పుడు ముందువైపు నీరు కొంత ఎదురు నిలిచేది. కోనేరు తోడినందున ఆ ఆధారమూ పోయింది. నేను అపవిత్రమని తలచిన ఆ చారలు గోడ తన భారాన్ని దించుకొంటున్న గుర్తులు.

ఆ తరువాత పలు ప్రదోషాలు ధ్వజస్తంభం వద్ద మేమిరువురం ఈ విద్యను గూర్చియే మాట్లాడుకొన్నాము. మా సీమను అన్నపూర్ణగా చేసిన ధవళేశ్వరం ఆనకట్ట 1847లో ఆరంభమై 1852లో పూర్తయింది. అక్కడ ఏటి అడుగున దొరికినది ఇసుక. అగాధమైన ఇసుకలో పునాదిని నిలిపే విద్యను తాము కావేరిపై ప్రాచీనులు కట్టిన ఆనకట్టను చూచియే నేర్చుకొన్నామని సర్ ఆర్థర్ కాటన్ తానే అంగీకరించాడు. గోదావరీస్నానసంకల్పంలో ఆయనను స్మరించే పురోహితులు మా ప్రాంతంలో నేటికీ ఉన్నారు. ఆ స్మరణకు ఆయన అర్హుడగుటకు ఈ వినయమూ ఒక కారణమని నాకు తోస్తున్నది.

మరొక ప్రదోషాన ఆయన అయోధ్యానాథ్ ఖోస్లా వృత్తాంతం చెప్పారు. ఇసుకపై కట్టిన ఆనకట్ట అడుగున నీరు చొరబడుతూనే ఉంటుంది. కట్టడాన్ని అంటి అది ఎంత దూరం నడిస్తే దాని బలం అంత తగ్గునని బ్లై అనే ఇంజినీరు పూర్వం ఒక లెక్క చెప్పాడు. అందరూ దానినే అనుసరించేవారు. పంజాబులోని ఎగువ చీనాబు కాలువపై ఆ లెక్క ప్రకారమే కట్టిన సైఫన్లు చిక్కు తెచ్చిపెట్టాయి. ఖోస్లా వాటి అడుగునకు గొట్టాలు దింపి నీటి ఒత్తిడిని కొలిచారు. గొట్టం చూపినది ఒకటి, సూత్రం చెప్పినది మరొకటి. సూత్రాన్ని కాపాడుటకు గొట్టాన్ని తప్పు పట్టలేదు. 1936లో తమ నూతన సిద్ధాంతాన్ని ప్రకటించారు. నీరు దిగువన ఎక్కడ బయటపడుతున్నదో, అక్కడ దాని ఉరవడి ఎంతయో, అది కట్టడానికి మర్మస్థానమని అందులోని ప్రధానాంశాలలో ఒకటి. బుంగ వద్ద దోసిలి పట్టిన రహస్యం నాకు అప్పుడు తెలిసింది.

ఈ సంభాషణలు ఆరంభమైన తొలి రాత్రియే నాకు నిద్ర పట్టలేదు. మీమాంసాశాస్త్రంలో దృష్టము, అదృష్టము అని రెండు విధాల ప్రయోజనాలున్నాయి. ఒక కర్మకు కంటికి కనిపించే ప్రయోజనం ఉన్నప్పుడు, కనిపించనిదానిని కల్పించరాదని శాస్త్రమర్యాద. వడ్లు దంచుట పొట్టు పోవుటకే. అక్కడ ముందుగా అదృష్టాన్ని వెదకరాదు. బాల్యంలో కంఠస్థం చేసిన ఈ న్యాయం ఆ రాత్రి నన్నే ముద్దాయిని చేసి నిలబెట్టింది. గోడ కూలుటకు దృష్టకారణం సిమెంటు బిరడా రూపంలో అరుగుపైన ఉండగా, నేను ఈశ్వరుని ఆగ్రహాన్ని కల్పించబోయాను. నా తప్పును పరమేశ్వరునిపై మోపి, దానికి దక్షిణ కూడ స్వీకరించబోయాను. ఊరివారి మాట వినగానే నా మనస్సు కుదుటపడినది ఇందుకే. ఇంతకంటె అపచారం ఏమున్నది?

మరునాడు శాంతిహోమానికి చేరిన జనం ముందు ముఖమండపంలో నిలిచి, "స్వామి ఆగ్రహించలేదు. రంధ్రాలు మూయించినవాడను నేను. మేస్త్రి వారించినా వినలేదు" అని చెప్పాను. సభ నిశ్శబ్దమైంది. ఒకరిద్దరు, "అట్లా అనకండి స్వామీ, అర్చకులు ఈ మాట అంటే జనానికి గుడిపై నమ్మకం పోతుంది" అన్నారు. పరిచారకుని తల్లి మాత్రం నన్ను చాలసేపు చూచి, "నిన్ననే చెప్పి ఉంటే బాగుండేది బాబూ. నా కొడుకు ఏం పాపం చేశాడో అని రాత్రంతా ఏడ్చాను" అన్నది. ఆ మాట నేటికీ నా చెవిలోనే ఉన్నది. హోమం జరిగింది. అయితే సంకల్పంలో ఊరి పేరు కాక నా గోత్రనామాలు చెప్పి, నా ప్రాయశ్చిత్తంగా చేసుకొన్నాను. పిల్లవాని వైద్యవ్యయం భరించాను. దానితో ఋణం తీరినదని అనుకోను.

ఇటీవల గోడను తిరిగి కట్టునప్పుడు ఇంజినీరుగారు నిత్యం వచ్చి పర్యవేక్షించారు. ఒక వరుసలోని రాళ్ళ అతుకుపైన పై వరుస అతుకు రాకుండా మేస్త్రితో రాళ్ళు మార్పించారు. నేను ఆశ్చర్యపడి, "ఇది మా శుల్బసూత్రాలలోని నియమం!" అన్నాను. శ్యేనచితిలో అయిదు ప్రస్తారాలు, ప్రస్తారానికి రెండు వందల ఇటుకలు. క్రింది ప్రస్తారంలోని సంధిపై పై ప్రస్తారంలోని సంధి పడరాదని ఆచార్యుల శాసనం. ఆయన నవ్వి, "సంధిమీద సంధి పడితే బీట నిలువునా దిగుతుందండీ" అన్నారు. నేను వేదాంగంగా వల్లించినదానిని ఆయన చేతితో పాటిస్తున్నారు.

గోడ వెనుక మట్టికి ఆనుకొని ఇసుక, దాని తరువాత కంకర, రంధ్రాల మొగలో పెద్ద రాళ్ళు నింపించారు. నీరు దాటి వస్తుంది, మట్టి ఆగిపోతుంది. పైన మట్టి కప్పుటకు ముందు బిందెలతో వెనుక నీరు పోయించి, ప్రతి రంధ్రం వద్ద తాము కూర్చుని చూచారు. ఒక రంధ్రం నుండి నీరు రాలేదు. ఆ భాగమంతా విప్పించారు. "పైకి తెలియదు కదండీ, వదిలేద్దాం" అని ఒక కూలీ అన్నాడు. "తెలియదు కనుకనే విప్పుతున్నాం" అన్నారు.

ఛాందోగ్యోపనిషత్తు చతుర్థాధ్యాయంలో బ్రహ్మ అనే ఋత్విక్కు ప్రస్తావన ఉన్నది. హోత, అధ్వర్యువు, ఉద్గాత వాక్కుతో యజ్ఞాన్ని నడుపుతారు. బ్రహ్మ మౌనంగా కూర్చుని మనస్సుతో దానిని కాపాడుతాడు. లోపం జరిగినచోట వ్యాహృతిహోమంతో సంధానం చేస్తాడు. యజ్ఞం సలక్షణంగా ముగిస్తే ఆయన ఏమి చేశాడో చూచేవారికి తెలియదు. కోనేటి మెట్లపై గొడుగు క్రింద మౌనంగా కూర్చుని రంధ్రాల వంక చూచే ఆ వృద్ధుని చూచినప్పుడు నాకు బ్రహ్మస్థానమే గుర్తుకు వచ్చింది. కట్టడం నిలిచినంతకాలం ఇంజినీరును ఎవరూ తలచుకోరు. తలచుకోకపోవుటయే ఆయనకు లభించే ఫలం. కనిపించని త్రోపును ముందే లెక్కించుట, తన లెక్కను తానే శంకించి కొలిచి చూచుట, ఎవరూ చూడనిచోట కూడ విప్పి సరిచేయుట, తప్పు తనదైతే తనదని చెప్పుట: ఇది ఆ విద్యయొక్క శీలం. ఘనపాఠంలో పదాన్ని ముందుకు, వెనుకకు త్రిప్పి చెప్పించిన మా గురువులు మాకు నేర్పదలచిన శీలమూ ఇదియే. నేను పాఠం నేర్చుకొన్నాను. శీలం ఆలస్యంగా నేర్చుకొన్నాను.

ఆ గృహస్థు కుమారునికి అక్షతలు వేసి, "నాయనా, నీవు కట్టినది నిలుచుగాక. నిలువనినాడు కారణం చెప్పే ధైర్యం నీకు కలుగుగాక" అని ఆశీర్వదించాను. తండ్రికి ఆ రెండవ వాక్యం రుచించినట్లు లేదు. పిల్లవాడు మాత్రం తల ఎత్తి చూచాడు.

ఇప్పుడు వర్షాలు పడుతున్నాయి. మెట్లపై పాచిని వారానికొకసారి నేనే చీపురుతో కడుగుతున్నాను. తెల్లవారుజామున గర్భాలయం తలుపు తీయుటకు ముందు తూర్పుగోడ వద్దకు వెళ్ళి, ఒక్కొక్క రంధ్రం క్రింద దోసిలి పట్టి చూస్తాను. నీరు తేటగా ఉన్నదని నిశ్చయించుకొన్న తరువాతనే సుప్రభాతం.

స్వస్తి. సర్వం శ్రీ పరమేశ్వరార్పణమస్తు.